ఆఖరి మామిడిపళ్ళు, ఇంటి ఐస్‌క్రీము

మృగశిర వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు వెనకబట్టాయి గాని ఉక్క మాత్రం తగ్గలేదు. ఒక జల్లు పడి వెలిసిందంటే మరీ ఆవిరి పెట్టినట్టుంటోంది. బజారులో బంగినపల్లి బుట్టలు పలచబడి నీలం పళ్ళు కనబడుతున్నాయి. ఏటా ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే పాట పాడతాయి: "ఇంట్లో ఐస్‌క్రీము చేశాను. గడ్డ కట్టింది గాని రుచి లేదు."

తెనాలి సోదరి ఒకరు వివరంగా రాశారు. గిన్నెలో పోసేముందు గరిటె నాకి చూస్తే అమృతంలా ఉన్నదట. మర్నాడు తీసి చూస్తే తీపీ లేదు, వాసనా లేదు, పంటికింద మంచు పలుకులు మాత్రం ఉన్నాయట. పిల్లలు రెండు చెంచాలు తిని "బజారుదే నయం" అని లేచిపోయారట. "లీటరు పాలు, అరడజను పళ్ళు, సాయంత్రమంతా పడ్డ శ్రమ దండగయినాయి. ఇక ఈ జోలికి పోను" అని ముగించారు.

పోకుండా ఉండవద్దు. ఆవిడ చేతిలో లోపమేమీ లేదు. చల్లదనానికి ఒక స్వభావం ఉన్నది, అది తెలియాలి, అంతే. నాలుక చల్లబడితే తీపి సరిగా తెలియదు. రుచి అని మనం అనుకునేదానిలో పెద్దవాటా వాసనది. వాసన ఆవిరై ముక్కుకు చేరాలంటే కాస్త వెచ్చదనం కావాలి. ఫిల్టరులోంచి దిగే డికాషను వీధి వాకిలి దాకా ఘుమఘుమలాడుతుంది గదా, అదే డికాషను చల్లారితే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నా అంతంతమాత్రమే. ఈసారి బజారు ఐస్‌క్రీము తెచ్చినప్పుడు ఒక చెంచాడు పూర్తిగా కరగనిచ్చి నోట్లో వేసుకోండి. మొగం మొత్తేటంత తియ్యగా ఉంటుంది. వాళ్ళ రహస్యం సగం అదే.

కాబట్టి గడ్డ కట్టబోయే పాలు రుచి చూసినప్పుడు "సరిగ్గా సరిపోయింది" అనిపించిందంటే సరిపోలేదన్నమాట. "కొంచెం ఎక్కువయిందే" అనిపించాలి, తీపీ అంతే, వాసనా అంతే. పాయసం లెక్క ఇక్కడ పనికిరాదు.

నా కొలత చెబుతాను. చిక్కటి పాలు ఒక లీటరు. పాకెట్టు పాలయితే ఫుల్‌క్రీము అని రాసి ఉన్నవి తీసుకోండి, వాటిలో వెన్న 6 శాతం ఉంటుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్నటి సెగన, గరిటె ఆపకుండా కలుపుతూ 600 మిల్లీలీటర్లకు దిగేదాకా మరిగించండి. 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వెయ్యండి. ఉప్పేమిటని నవ్వకండి, ఉప్పు తగిలినట్టు తెలియకుండా తీపిని పైకి తెస్తుంది. ఒక చెంచాడు మొక్కజొన్న పిండి చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పోసి, మరి రెండు నిమిషాలు ఉడికించి దించండి. బాగా చల్లారాక అరకప్పు మీగడ చిలికి కలపండి. పంచదార పని తియ్యదనం ఒక్కటే కాదు, ఐస్‌క్రీమును మెత్తగా ఉంచేది కూడా అదే. మరీ తగ్గిస్తే రాయి అవుతుంది, మరీ పెంచితే ఎంతసేపు ఉంచినా గడ్డ కట్టదు.

ఇక పరిమళం సంగతి. మనవాళ్ళలో చాలామంది అన్నిటినీ ఒకే వేళకు, చిట్టచివర, చెంచాతో చల్లేస్తారు. వాటిలో దేని వేళ దానిది.

ఏలకులు పొడి చేసి చల్లితే ఒక చెంచాలో ఘాటు, మరో చెంచాలో ఏమీ లేదు. నాలుగయిదు కాయలను తొక్కతో సహా చితక్కొట్టి, దించిన వేడి పాలలో వేసి, మూతపెట్టి ఇరవై నిమిషాలు ఊరనిచ్చి వడకట్టండి. పాలలోని వెన్న వాసనను పట్టుకొని అంతటా సమంగా పంచుతుంది. కుంకుమపువ్వుకు ఓపిక కావాలి. పదిహేను ఇరవై రేకలను కాస్త పంచదారతో కల్వంలో నూరి, రెండు చెంచాల గోరువెచ్చటి పాలలో అరగంట నానబెట్టి కలపండి. అంత ఖరీదు పెట్టి కొన్నదాన్ని తయారైన ఐస్‌క్రీము మీద చల్లితే కంటికి విందే గాని నాలుకకు చేరేది స్వల్పం. కాఫీ రుచి కావలసినవారు మొదటి డికాషనే వాడాలి. రెండోది పోస్తే నీళ్ళు పోసినట్టే, ఆ నీళ్ళే మంచు పలుకులవుతాయి. అరకు గింజలు దొరికితే ఇంకా మంచి ఉపాయం ఉన్నది: గుప్పెడు గింజలు కచ్చాపచ్చాగా దంచి, వేడి పాలలో అరగంట ఊరనిచ్చి వడకట్టండి. నీటిబొట్టు చేరకుండా కాఫీ దిగుతుంది.

వెనిల్లా ఎసెన్సు మాత్రం పాలు పూర్తిగా చల్లారిన తరువాతే పోయాలి. ఎసెన్సులలో చాలా వాటిని ఇట్టే ఎగిరిపోయే ఆల్కహాలులో కలిపి తయారుచేస్తారు. వేడి పాలలో పోస్తే వంటిల్లంతా ఘుమఘుమే, గిన్నెలో మాత్రం మిగిలేది తక్కువ.

వెనిల్లా పేరు వచ్చింది గనుక దాని కథ రెండు మాటలు చెప్పాలి. అది మెక్సికో ప్రాంతపు తీగ. ఇతర దేశాలకు తీసుకుపోయి నాటితే చక్కగా అల్లుకునేది, పూసేది, కాయ మాత్రం పడేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలో, ఇప్పుడు రీయూనియన్ అని పిలిచే దీవిలో, ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు చిన్న పుల్లతోను, బొటనవేలితోను పువ్వులోనే పుప్పొడి అంటించే కిటుకు కనిపెట్టాడు. ఇప్పటికీ తోటలలో ఆ పని పువ్వు పువ్వుకూ చేతితోనే జరుగుతుంది. వెనిల్లా కాయ అంత ప్రియం కావటానికి అదొక కారణం. ఆ వాసనకు మూలమైన వెనిలిన్ అనే పదార్థాన్ని 1874లో టీమన్, హార్మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. మనం కొనే చవక సీసాలో ఉండేది సాధారణంగా ఆ కృత్రిమ వెనిలినే. దాన్ని నేను తప్పుపట్టను. కాని ఐస్‌క్రీము అంటే వెనిల్లాయే అనుకుని, పెరటి పరిమళాలను మరచిపోవటం మాత్రం నాకు నచ్చదు.

ఒక విచిత్రం వినండి. మన సుగంధిపాల వేరు వాసనకు మూలమైన పదార్థంలో, వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో సరిగ్గా అవే, అన్నే ఉంటాయి. అమరికలోనే తేడా. అక్కచెల్లెళ్ళన్నమాట. వీటిలో ఒకటి సముద్రాలు దాటి వచ్చి సీసాలో కూచున్నది, రెండోది మన కొండల్లో, పొదల్లో ఉండి షర్బతు బండి దగ్గర ఆగిపోయింది.

ఇది ఊరికే చెప్పటం లేదు. కిందటేడు ఈ రోజుల్లోనే అనంతపురం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నన్ను కదిలించింది. వాళ్ళ అత్తగారికి డెబ్బయి దాటాయి. జ్వరం వచ్చి తగ్గిన తరువాత ఆవిడకు నోరు చచ్చిపోయింది. అన్నం వద్దు, జావ వద్దు, పాలు వద్దు. మనిషి నానాటికీ చిక్కిపోతున్నది. మధుమేహం లేదు గనుక ఏది దిగితే అది పెట్టమని, చల్లటిదయినా ఫరవాలేదని డాక్టరు చెప్పాడట. బజారు ఐస్‌క్రీము తెచ్చిపెడితే "మందు వాసన" అని మొగం తిప్పుకున్నదట. "నాలుగు చెంచాలు లోపలికి పోయే రుచి ఏదయినా ఉంటే చెప్పండి. ఈ వారం పత్రిక కోసం ఆగలేను, జవాబు ఇంటికే రాయండి" అని వేడుకున్నారు.

పెద్దవయసులో వాసన తెలిసే శక్తి తగ్గుతుంది. జ్వరం మరికాస్త తగ్గిస్తుంది. అలాంటప్పుడు కొత్త వాసన ఎంత ఘనమైనదయినా మందులాగే తోస్తుంది. చిన్ననాడు ఎరిగిన వాసన అయితే కొంచెం తగిలినా చాలు, మిగతాది మనసు పూరించుకుంటుంది. ఆ ప్రాంతాన వేసవి అంటే నన్నారి షర్బతే గదా! నన్నారి పాకంతో, చిక్కటి పాలతో ఐస్‌క్రీము చేసి, మరీ గట్టిగా కాకుండా జారుగా పెట్టమని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. మొదటిరోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తరువాత "ఇది మా ఊరి షర్బతు కదే!" అన్నదట. రెండోరోజు తనే గిన్నె తెమ్మన్నదట. ఐస్‌క్రీముతో మొదలై వారానికి మజ్జిగన్నంలోకి దిగింది. మధుమేహం ఉన్నవారికి, గొంతు దిగటం కష్టంగా ఉన్నవారికి ఇలాంటివి డాక్టరును అడక్కుండా పెట్టకండి.

దాని విధానం: యాభై గ్రాముల వేళ్ళను మట్టి పోయేలా కడిగి దంచండి. వాసనంతా పైబెరడులోనే ఉంటుంది గనుక బెరడు గీకి పారెయ్యకండి. మరిగిన నీళ్ళు ఒక గ్లాసుడు పోసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొయ్యి మీద కుతకుత ఉడికించారో, వాసన ఆవిరితో లేచిపోతుంది. తెల్లవారి వడకట్టి, గ్లాసున్నర పంచదార పోసి, కరిగేమటుకు వెచ్చచేసి సీసాకు ఎత్తండి. మరిగించిన పాలలో నాలుగయిదు చెంచాలు వేసి రుచి చూసుకోండి. పాకంలో తీపి ఉన్నది గనుక పాలలో వేసే పంచదార అంతమేరకు తగ్గించాలి. బజారులో సీసాలలో దొరికే పాకం వాడేవారు దానిలో రంగు, ఎసెన్సు ఎంత, వేరు ఎంత అన్నది చీటీ మీద చదివి మరీ కొనండి.

పళ్ళకు వద్దాం. పళ్ళలో మొదటి శత్రువు నీళ్ళు. అయితే నీళ్ళు తగ్గించాలని మామిడి రసాన్ని పొయ్యిమీద పెడతారు కొందరు. అది పాపం! తాజా మామిడి వాసన వేడికి నిలవదు, జామ్ వాసన మిగులుతుంది. రసాన్ని ముట్టుకోకుండా పాలనే ఇంకొంచెం, అరలీటరు దాకా, మరిగించండి. రెండూ చల్లగా ఉన్నప్పుడే కలపండి. వేడి పాలలో పులుపు తగిలితే విరిగి కూచుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లికి కండ గొప్పది, పీచు లేదు, కాని చల్లబడ్డాక దాని వాసన మెత్తన. అందుకని మూడు వంతుల బంగినపల్లి గుజ్జుకు ఒక వంతు రసాల పండు పిండి, పలచటి గుడ్డలో వడకట్టి కలుపుతాను. ఇప్పుడు వచ్చే నీలం పండుకు వాసన బాగా ఉంటుంది. టెంకలో పురుగు ఉండటం కద్దు గనుక కోసి చూసుకోండి. మామిడిలో ఏలకులు వెయ్యటం నా కిష్టం లేదు. వేసేవారితో పోట్లాడను గాని, రెండూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి.

అనాసపండు పచ్చిది పాలలో కలిపితే గంటలో చేదెక్కుతుంది. పాలు పాడయినాయని పాలవాణ్ణి తిట్టకండి. అనాసలో మాంసకృత్తులను విరగ్గొట్టే గుణం ఒకటి ఉన్నది, అది పాల మీద పనిచేస్తుంది. ముక్కలను పంచదారతో బాగా ఉడికించి చల్లార్చి కలిపితే ఆ గుణం చస్తుంది. మామిడికి కూడని వేడి అనాసకు తప్పనిసరి, చూశారా!

పండుముక్కలు అలాగే వేస్తే మంచురాళ్ళయి పళ్ళు జివ్వుమంటాయి. ముక్కల మీద పంచదార చల్లి గంటసేపు ఊరనిచ్చి, ఊరిన నీరు వంచి వెయ్యాలి. ముంజలు ఈపాటికి ముదిరిపోయాయి. లేతవి దొరికినా వాటిని పాలలో వెయ్యకండి. ముంజ రుచి అతి సున్నితం, మీగడ కింద మునిగిపోతుంది.

నిజానికి ఒక జల్లు పడ్డాక, ఈ ఉక్కలో, నాలుక మీగడకన్న పులుపునే ఎక్కువగా అడుగుతుంది. నేరేడుపళ్ళు దిగే రోజులు. నేరేడును పాలతో కలపటం కన్న నీటి ఐసుగానే చెయ్యండి. అరకిలో పళ్ళు గింజలు తీసి, కప్పు పంచదార, కప్పు నీళ్ళతో పది నిమిషాలు ఉడికించి, నలిపి వడకట్టి, నిమ్మకాయ సగం పిండి, చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి వెయ్యండి. ఉప్పు పడితే నేరేడు వగరు లొంగుతుంది. గట్టిపడుతున్నప్పుడు గంటకొకసారి ఫోర్కుతో గీకుతూ ఉంటే ఊదారంగు ఇసుకలా వస్తుంది. పిల్లలు నాలుకలు చాపి అద్దంలో చూసుకోవటం దీనిలో మరో వినోదం.

మీగడ గురించి ఒక హెచ్చరిక. వెన్నకు ఏ వాసనయినా పట్టుకునే గుణం ఉన్నదన్నాను గదా. అది ఏలకులకూ ఉల్లిపాయకూ తేడా చూడదు. ఫ్రిజ్‌లో పనస తొనలో, కోసిన ఉల్లిపాయో, నిన్నటి పులుసో పెట్టి, పక్కన మీగడ గిన్నె మూత లేకుండా ఉంచితే ఆ ఐస్‌క్రీమును ఏ ఎసెన్సూ బాగుచెయ్యలేదు. వారం రోజుల మీగడ పోగుచేసి వాడే అలవాటు కూడా మంచిది కాదు. నెయ్యికి ఫరవాలేదు, కాచినప్పుడు పోతుంది. ఐస్‌క్రీములో ఆ పులిసిన వాసన అలాగే నిలుస్తుంది. ఈ గుణాన్నే మనవైపు తిప్పుకోవచ్చు. శుభ్రమైన మొగలిరేకు ఒకటి తడి లేకుండా తుడిచి, చల్లటి మీగడ ఉన్న డబ్బాలో పైన ఆనించి మూతపెట్టి రాత్రి ఉంచండి. ఉదయానికి మీగడే మొగలిపువ్వవుతుంది. పెరటి పువ్వయితేనే సుమండీ. బజారు పూలకు మందులు చల్లి ఉంటారు.

పచ్చకర్పూరం వెయ్యవచ్చా అని కాకినాడ నుంచి అడిగారు. నా సలహా: పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. కర్పూరం కొంచెం ఎక్కువయినా పిల్లలకు మూర్ఛలు తెప్పించే విషం. పెద్దవాళ్ళ కోసమయినా ఆవగింజంత పంచదారతో నూరి లీటరు పాలకు సరిపెట్టాలి. చల్లదనంలో తెలియటం లేదని మరికాస్త వెయ్యటమన్న సూత్రం దీని దగ్గర మాత్రం పనికిరాదు. హారతి కర్పూరం బిళ్ళలు ఎవరికీ, ఏమాత్రమూ తినటానికి పనికిరావు. రెండు డబ్బాలూ ఒక అరలో పెట్టకండి.

గడ్డ కట్టించటానికి యంత్రం అక్కరలేదు. వెడల్పాటి స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజరులో పెట్టి, ముప్పావు గంటకొకసారి మూడుసార్లు తీసి బాగా గిలక్కొడితే పలుకులు విరుగుతాయి. కరెంటు పోయి కరిగిందంటే మాత్రం మళ్ళీ గడ్డ కట్టించే ప్రయత్నం చెయ్యకండి. పలుకులు రెట్టింపవుతాయి, ఎక్కువసేపు వెచ్చగా ఉంటే చెడిపోతుంది కూడా. చల్లగా ఉండగానే తాగెయ్యండి.

అటకమీద పాత చెక్క బకెట్టు, చేతితో తిప్పే ఐస్‌క్రీము యంత్రం ఉన్నవారు అదృష్టవంతులు. అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే ఇల్లాలు 1843లో పేటెంటు పొందిన యంత్రానికి అవి మనవరాళ్ళు. మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు కల్లుప్పు. ఉప్పు తగిలిన ఐసు సున్నా డిగ్రీలకన్న బాగా కిందికి దిగుతుంది, పాలు తిరుగుతూనే గట్టిపడతాయి. ఆ రోజుల్లో మన దేశానికి ఐసే అమెరికా సరస్సుల నుంచి ఓడలమీద వచ్చేది. దాన్ని నిలవచేసేందుకు 1842లో మద్రాసు సముద్రపుటొడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఇంకా నిలిచే ఉంది. మనం బకెట్టులో వేసే ఐసు మాత్రం చేపల కోసం తయారుచేసేది కావచ్చు గనుక ఒక్క ముక్క కూడా పాల డబ్బాలో పడకుండా, మూత తీసేముందు పైన ఉప్పునీరు తుడిచి మరీ తీయండి.

తెనాలి సోదరికి చివరిమాట. ఫ్రీజరులోంచి తీసిన డబ్బా తీసినట్టే వడ్డించవద్దు. పది నిమిషాలు కింది అరలో ఉంచి, అంచులు మెత్తబడ్డాక తియ్యండి. పిల్లలు ఆగరంటారా? ఆ పది నిమిషాల్లో గిన్నెలు, చెంచాలు వాళ్ళచేతే కడిగించండి.